గుట్టకిందపల్లె బండి

పలమనేరు,
14 జూలై 2024

ప్రసన్నకు నా వందనాలు.

ఫోను చేయకుండా ఉత్తరం రాసిందేమిటా అనుకోకు. పోయిన ఆదివారం ఫోనులో మనం ఎంతసేపు మాట్లాడామో, అందులో ఎంతసేపు పోట్లాడామో నీకూ తెలుసు. నేను ఒక మాట మొదలుపెడితే నువ్వు మధ్యలో అందుకుంటావు. నువ్వు అందుకున్నావని నేను గొంతు పెంచుతాను. చివరికి ఎవరు ముందు పెట్టేశారన్నదే మిగులుతుంది. నా తమ్ముడు ఏబెల్ ఉన్న రోజుల్లో మన మధ్య సర్దిచెప్పడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఆ పని ఉత్తరాలకు అప్పజెబుదాం. ఒకరు రాసేది పూర్తయ్యేదాకా రెండోవాళ్ళు నోరు మూసుకోక తప్పదు.

నీ కూతురు అమల బాగుంది. బ్యాంకు పరీక్షలకు చదువుకోమని నా దగ్గర వదిలి వెళ్ళావు, చదువుతోంది. నేను అంగన్‌వాడీ నుంచి రిటైరైనప్పటి నుంచీ ‘చేదోడు’ సంఘంలో తిరుగుతున్నానని నీకు కోపం. క్లబ్బు పేరు చెప్పి ఊరి మీద పడ్డానంటావు. మెడికల్ షాపు ధనంజయ అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. దుప్పట్లు పంచడం, లేనివాళ్ళ పిల్లలకు యూనిఫారాలు కుట్టించడం, ఆసుపత్రికి తోడు పోవడం, ఇవే ఇన్నాళ్ళూ మా పనులు. ఈ ఏడాది ఒక పెద్ద పని నెత్తికెత్తుకున్నాం. అడవి అంచున గుట్టకిందపల్లె అని ఒక ఊరుంది. అంతా కూలి చేసుకునేవాళ్ళు. అక్కడి పిల్లలు పెద్దూరు హైస్కూలుకు అడవిలో నడిచి రావాలి. ఏనుగులు దిగేది కూడా ఆ దారికే. పోయిన ఏడాది భయంతో సగం మంది బడి మానేశారు. అందుకని తలా ఇంత వేసుకుని ఒక పాత వ్యాను కొన్నాం. జూన్ నుంచి తిరుగుతోంది.

అమల కూడా రోజూ పొద్దున్నే నవీన్ బండిలో పోయి, బడి వేళకు తిరిగొచ్చి చదువుకు కూర్చుంటోంది. ఆ పిల్ల ముఖంలో ఇంత వెలుగు నేను ఈ మధ్య చూడలేదు.

ఇక్కడ చలిగాలి మొదలైంది, స్వెట్టరు తీశాను. నువ్వక్కడ చెమటలు కక్కుతుంటావని తెలిసే రాస్తున్నాను. ఉడుక్కో.

నీ వదిన
చంద్రకాంతమ్మ

*

శ్రీసిటీ,
22 జూలై 2024

వదినకు ప్రసన్నకుమారి వందనాలు.

ఉత్తరం అందింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొచ్చి, “మేడమ్, కోర్టు నోటీసా?” అని అడిగాడు. వార్డెనుకు ఉత్తరమొచ్చిందని ఈ హాస్టల్లో ఉండే ఫ్యాక్టరీ పిల్లలందరూ చుట్టూ మూగి, ఇన్లాండు లెటరు ఎలా చించాలో చూశారు.

మిగతావన్నీ సరే వదినా. ఈ నవీన్ ఎవరు? ఏ ఊరు? ఏ చర్చి? అసలు చర్చికి పోతాడా? పొద్దున్నే వాడి బండిలో నా కూతురికేం పని? పైగా ముఖంలో వెలుగు అని కూడా రాశావు. అదేం వెలుగో నాకు తెలియదా? ఇక్కడ షిఫ్టు దిగి వచ్చే పిల్లల ముఖాల్లో వారానికొక వెలుగు చూస్తున్నాను. నెల తిరక్కుండానే ఆ పిల్లలే నా వంటింట్లో కూర్చుని ఏడుస్తారు. వాళ్ళకు సాంబారు అన్నం కలిపి పెట్టి ఓదార్చేది నేనే.

నువ్వు ఇంట్లో ఉండి కూడా చూడలేదంటే అది ఆ క్లబ్బు మహిమే. వెంటనే వివరంగా రాయి.

ప్రసన్న

*

పలమనేరు,
3 ఆగస్టు 2024

ప్రసన్నా,

నీ ఉత్తరం చదివి నేను నవ్విన నవ్వుకు పక్కింటి చంటిది లేచి ఏడ్చింది. నవీన్ మా వ్యాను డ్రైవరు. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. అమల ఆ బండిలో పోయేది చిన్నపిల్లలను పట్టుకుని కూర్చోవడానికి. చాలా?

కానీ నవ్వుకునే రోజులు కావివి. పోయిన వారం మలుపులో ఏనుగు ఎదురైంది. నవీన్ భయపడి బండిని వెనక్కి తోసి, కాలవలోకి దించేశాడు. పిల్లలకు దెబ్బలు తగల్లేదు, దేవుడి దయ. ఏనుగు తన దారిన అది పోయింది. మరునాడే నవీన్ తాళాలు ధనంజయ చేతిలో పెట్టి, “నాకు పెండ్లాం బిడ్లు ఉండారన్నా, ఈ పని నాకొద్దు” అని బెంగుళూరుకు పోయాడు. బండి షెడ్డులో ఉంది. పిల్లలు ఇళ్ళలో ఉన్నారు.

నవీన్ వెళ్ళిపోయినప్పటి నుంచి అమల సరిగా తినడం లేదు. రాత్రి పుస్తకం ముందు పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంటుంది. ఏదో ఒకటి మనసులో గట్టిగా అనుకున్నట్టుంది. తనే నీకు చెబుతుందిలే.

చంద్రకాంతమ్మ

*

శ్రీసిటీ,
12 ఆగస్టు 2024

వదినకు,

నేను భయపడిందే జరిగింది. పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నవాడు! నా బిడ్డ మనసు విరిచి బెంగుళూరుకు పారిపోయాడు. నువ్వేమో బండి షెడ్డులో ఉందని రాస్తావు! బండి గురించి ఎవరడిగారు?

అమలను ఏమీ అనొద్దు. తిట్టొద్దు. చారు కాచి, నెయ్యి వేసి పెట్టు, దానికి అది ఇష్టం. తిరుపతిలో మా పిన్ని వాళ్ళ చర్చిలో ఇమ్మానుయేల్ అని ఒక అబ్బాయి ఉన్నాడు, టీచరు, నెమ్మదస్తుడు. పాస్టరుగారితో మాట్లాడమని చెప్పాను. పిల్లను ఇక్కడికి పంపించు. కొన్నాళ్ళు నా కళ్ళ ముందుంటే కుదుటపడుతుంది.

ఆ నవీన్ భార్య ఎవరో గానీ, తలుచుకుంటే ఆమె మీద జాలేస్తోంది.

ప్రసన్న

*

పలమనేరు,
20 ఆగస్టు 2024

ప్రసన్నా,

ఇంక సూటిగా రాస్తాను. నవీన్‌కూ అమలకూ ఏమీ లేదు. ఆ అబ్బాయిని, అతని భార్యను ఇద్దరినీ వదిలెయ్. ఇమ్మానుయేల్‌ను కూడా వదిలెయ్. అమల మనసులో ఉన్నది ఆ వ్యాను. తానే నడుపుతానంటోంది.

సంఘం మీటింగులో అందరి ముందు లేచి నిలబడి అడిగింది. డ్రైవరు దొరకడం లేదని ధనంజయ తల పట్టుకుని ఉన్నాడు. అమల, “దొరకరన్నా. మనమే తయారు కావల్ల. నాకు నేర్పించండి” అన్నది. ఎవరో నవ్వారు. అప్పుడు మునెయ్య లేచాడు. ఆర్టీసీలో జీవితమంతా బస్సు తోలి రిటైరైన మనిషి. షుగరుతో చూపు తగ్గి ఇప్పుడు తాను నడపలేడు. “నగేది దేనికబ్బా? ఆ పాప అడిగింది నాయంగా ఉండాది. నేను నేర్పిస్తా” అన్నాడు. వారం నుంచి పశువుల సంత మైదానంలో నేర్పిస్తున్నాడు.

నువ్వు ఇప్పుడేం తలుచుకుంటున్నావో నాకు తెలుసు. మొగిలి ఘాటులో తాను తోలే లారీ బోల్తా పడి పోయినవాడు నీకు భర్త అయితే, నాకు నేను ఎత్తుకుని పెంచిన తమ్ముడు. మొదటిరోజు అమల స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు నేను చూడలేక ఇంటికొచ్చి మోకాళ్ళ మీద పడి ఏడ్చాను. అయినా వద్దని చెప్పడానికి నోరు రాలేదు. గుట్టకిందపల్లె పిల్లలు నా కళ్ళలో మెదిలారు.

కోపం వస్తే తిట్టు. కానీ పూర్తిగా చదివి తిట్టు.

చంద్రకాంతమ్మ

*

శ్రీసిటీ,
27 ఆగస్టు 2024

వదినా,

పూర్తిగా చదివాను. నా బిడ్డ ఆ బండి దగ్గరికి పోకూడదు. దానికి తండ్రి లేడు. ఎందుకు లేడో నువ్వే రాశావు.

ప్రసన్న

*

పలమనేరు,
9 సెప్టెంబరు 2024

ప్రసన్నా,

నీ మాటే నెగ్గింది. అమలకు ఉత్తరం చూపించాను. రెండుసార్లు చదివి, “అమ్మ వద్దంటే నేను తోలను అత్తా” అని మునెయ్యకు కబురు చేసింది. ఆ రోజు నుంచి బండి తాళం ముట్టుకోలేదు.

రోజుకూలికి డ్రైవరును తెచ్చాం. రెండు రోజులు వచ్చాడు. ఇంకొకడు ఆ దారి చూసి ఏటి దగ్గరే వెనక్కి తిరిగాడు. పదో తరగతి పిల్లలు మాత్రం చదువు పోతుందని నడిచే వస్తున్నారు. అమల తెల్లవారి, అటే ముందుకు పోయే పాల వ్యానులో వాళ్ళ ఊరికి పోయి, వాళ్ళతో కలిసి నడిచి పెద్దూరుకు వస్తోంది. సాయంత్రం మళ్ళీ తోడు పోతోంది. బాగా సన్నబడింది. బ్యాంకు పుస్తకాలు బల్ల మీద అట్లాగే ఉన్నాయి.

చంద్రకాంతమ్మ

*

శ్రీసిటీ,
16 సెప్టెంబరు 2024

వదినకు వందనాలు.

నా మాట మన్నించినందుకు మీ ఇద్దరికీ దేవుడు మేలు చేయాలి. మనసు తేలికపడింది. నిన్న హాస్టల్లో ఓనం చేశారు, కేరళ పిల్లలు పాయసం వండితే నేను కూడా రెండు గ్లాసులు తాగాను.

అమల నడవడం మంచిదే. పొద్దున్నే నడిస్తే ఒంటికి ఆరోగ్యం, ఆకలి పుడుతుంది. నేనూ హాస్టలు చుట్టూ నాలుగు రౌండ్లు నడుస్తున్నాను. సన్నబడినా ఫర్వాలేదు. చెప్పులు మాత్రం మంచివి కొనిపెట్టు.

ప్రసన్న

*

పలమనేరు,
23 సెప్టెంబరు 2024

ప్రసన్నా,

నీ ఉత్తరం చదివి నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ఒకే ఒక మాట. సెలవు పెట్టి ఒక్క రోజు వచ్చి పో. అమల ఇట్లా రాయమంది: “అమ్మ వచ్చి, ఒగసారి సూసి, అప్పుడు వద్దనమను. మల్ల జన్మలో అడగను.”

చంద్రకాంతమ్మ

*

శ్రీసిటీ,
6 అక్టోబరు 2024

వదినకు వందనాలు.

మీ ఇంటికొచ్చి కూడా నీతో సరిగా మాట్లాడకుండా పెద్దూరు నుంచి అటే తిరుపతి బస్సెక్కినందుకు ఏమీ అనుకోవద్దు. ఇప్పుడు రాస్తున్నాను.

నేను పిల్లను తీసుకుపోవడానికే వచ్చాను. బ్యాగులో దాని బట్టలకు చోటు కూడా ఉంచుకున్నాను. రాత్రి అది ఏమీ వాదించలేదు. “పొద్దున నాతో రామ్మా” అని మాత్రం అంది. చీకటితోనే పాల వ్యానులో ఇద్దరం గుట్టకిందపల్లెకు పోయాం. పిల్లలు వేపచెట్టు దగ్గర కాచుకుని ఉన్నారు. తలలు దువ్వుకుని, పౌడరు రాసుకుని, బ్యాగులు వేసుకుని. ఒక్కొక్కరి చేతిలో ఒక స్టీలు తట్ట, ఒక గరిటె. మధ్యాహ్నం అన్నానికి తీసుకుపోతున్నారేమో అనుకున్నాను.

గురవమ్మ అనే ముసలామె మనవరాలిని సాగనంపడానికి వచ్చి నన్ను పట్టుకుంది. “నువ్వా ఆ పాప తల్లివి? నీ కడుపు సల్లగుండ. ఆ పాప వచ్చినాకనే మా బిడ్లు మల్ల బడి మొగం సూసినారు” అంది.

అడవి మొదలైన చోట పిల్లలు మాటలు ఆపేశారు. అంతవరకూ గలగలలాడుతున్నవాళ్ళు ఒక్కసారి పెద్దవాళ్ళయిపోయారు. అమల ముందుకు పోయింది. తట్ట మీద గరిటెతో కొట్టింది. వెనకున్న పిల్లలు కొట్టారు. ఆగి విన్నారు. మళ్ళీ నడిచారు. దారి మధ్యలో ఏనుగు పేడ ఉంది వదినా. ఇంకా పొగలు కక్కుతోంది. పక్కన వెదురు పొద తొక్కేసి ఉంది. వాళ్ళలో ఒక పిల్ల నా చెయ్యి పట్టుకుని, “భయపడొద్దు అమ్మా, అక్క ముందర ఉండాది గదా” అని నాకు ధైర్యం చెప్పింది.

ఆ అక్క నా బిడ్డ. ఏనుగు వస్తే మొదట ఎదురుపడేది దానికే.

నీ మొదటి ఉత్తరంలోనే ఏనుగుల సంగతి రాశావు. నేను నవీన్ పేరు దగ్గరే ఆగిపోయాను. నడిస్తే ఆరోగ్యమని రాశాను! బండి వద్దని బిడ్డను కాపాడుకున్నాననుకుని పాయసం తాగాను. నేను దాన్ని ఆ ఇనుపబండిలోంచి దించి, ఒట్టి తట్టతో అడవిలో నిలబెట్టాను.

పెద్దూరు చేరాక బడి గేటు దగ్గర ధనంజయగారు కనిపించారు. నేనే పోయి, “అన్నా, మా పాపకు ఆ తాళం ఈరోజే ఇచ్చేయండి” అన్నాను. అమల నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. బస్సులో ఏడ్చాను.

రెండు షరతులు. లైసెన్సు చేతికి వచ్చేదాకా పిల్లలను ఎక్కించుకోకూడదు, అంతదాకా నడిచే దారికి అడవి శాఖ వాళ్ళను తోడు అడగండి. వచ్చాక కూడా బడికి సెలవులిచ్చేదాకా మునెయ్యన్న పక్కన కూర్చోవాలి. మొగిలి ఘాటు దాటేటప్పుడు బస్సు కిటికీలోంచి చూశాను. ఇన్నేళ్ళూ ఆ చోట కళ్ళు మూసుకునేదాన్ని.

ప్రసన్న

*

పలమనేరు,
8 డిసెంబరు 2024

ప్రసన్నకు ప్రేమతో,

అమలకు లైసెన్సు వచ్చింది. మొదటిసారే పాసయింది. పరీక్ష పెట్టిన అధికారి, “ఎవరమ్మా నేర్పించింది?” అని అడిగాడట. ఆ మాట విని మునెయ్య మీసం దువ్వుకుంటూ బజారంతా తిరిగాడు.

సోమవారం బండి తీశాం. సంఘం వాళ్ళమంతా పోయాం. పాస్టరుగారు ప్రార్థన చేశారు, గుడి పూజారి టెంకాయ కొట్టారు. ఇద్దరినీ పిలిచింది ధనంజయే. “ఏనుగు ఏ మతమో మనకు తెలీదు గదా” అన్నాడు. తీరా ఊరికి పోతే కొందరు తండ్రులు పిల్లలను ఎక్కించలేదు. మునస్వామి అనే అతను, “మగోడే కాలవలో ఏసినాడు. ఆడపిల్ల తోలితే మా బిడ్లను యాడికి తీసకపోతాదో” అన్నాడు. అమల ముఖం చిన్నబోయింది. అప్పుడు గురవమ్మ మనవరాలిని రెక్క పట్టుకుని బండి ఎక్కించి, తానూ ఎక్కి ముందుకొచ్చి కూర్చుంది. “ఒరే మునస్వామీ, అడవిలో ఈ పాప నీ కూతురు ముందర నడిసినప్పుడు నోరు యాడ పెట్టుకోనుంటివి? తోలు పాపా, నేనూ వస్తా బడికి!” అంది. అంతా నవ్వారు. బండి నిండింది. మునస్వామి కూతురు ప్రమీల తండ్రి వైపు చూడకుండానే చివర్లో ఎక్కేసింది. గురవమ్మ నిజంగానే బడిదాకా వచ్చి, పిల్లలతోపాటు మధ్యాహ్నం కోడిగుడ్డు తిని మరీ పోయింది.

ఇప్పుడు చిన్నపిల్లలు కూడా తిరిగి వస్తున్నారు. సాయంత్రాలు పదో తరగతి వాళ్ళకు సంఘం గదిలో అమలే లెక్కలు చెబుతోంది. క్రిస్మస్‌కు వస్తావుగా? నీ గది కడిగించాను.

చంద్రకాంతమ్మ

*

పలమనేరు,
18 మార్చి 2025

ప్రసన్నా,

ముందు ఈ మాట చదువు: అమల క్షేమం, పిల్లలు క్షేమం. ఇప్పుడు స్థిమితంగా కూర్చుని మిగతాది చదువు.

నిన్న పదో తరగతి మొదటి పరీక్ష, తెలుగు. ఎందుకైనా మంచిదని అమల పిల్లలను తొందరగా బయలుదేరదీసింది. మునెయ్య పక్కన ఉన్నాడు. సరిగ్గా ఆ మలుపులోనే, నవీన్ బండి దించేసిన చోటే, ఒంటి ఏనుగు దారికి అడ్డంగా నిలబడి ఉంది. పెద్ద దంతాలది. అమల ఇంజను ఆపేసింది. అడవి శాఖ వాళ్ళు వచ్చినప్పుడు చెప్పినవన్నీ గుర్తుపెట్టుకుంది. హారను కొట్టలేదు, లైటు వేయలేదు. పిల్లలను పుస్తకాలు మూసి తలలు వంచుకోమంది. కదిలితే ఒట్టు!

ఏనుగు పోలేదు. చెట్టు కొమ్మ విరుచుకుని తీరిగ్గా తింటూ నిలబడింది. టైము పోతోంది. ప్రమీల చప్పుడు రాకుండా ఏడుస్తోంది. ఈ రోజు పోతే ఏడాది పోయినట్టే, తండ్రి మళ్ళీ చదివించడు. ఆ తర్వాత జరిగింది మునెయ్య నోటితోనే విను. నిన్న రాత్రి సంఘం గదిలో నిలబడి చెప్పాడు:

“నేను పోతాదిలే, కాసుకోనుందామనుకుంటి. పాప నా దిక్కు సూసి, ‘మామా, ఇది ఇప్పుట్లో కదలదు. ఎనక్కి పోయి క్వారీ దోవ పట్టుకుందాం’ అనింది. ఆ వంకర్ల దోవలో ఎనక్కి! ఒగ పక్క గుట్ట, ఒగ పక్క కాలవ. నవీన్‌గాడు బోర్లా పడింది ఆడనే గదా. ‘నీ చేతనైతాదా?’ అంటి. ‘మీరు నేర్పించిందే గదా మామా’ అనింది. మెల్లిగా ఇంజను ఏసి, అద్దంలో ఒగ కన్ను, ఏనుగు మీద ఒగ కన్ను. అది చెవులు ఇసిరింది. పాప బెదరలా. ఒగ్గసారి కూడా బండి గుంజుకోలా. ఎనక్కి ఎనక్కి చెరువు కట్టదాకా తీసకపోయి బండి తిప్పింది. నేను స్టీరింగు మీద చెయ్యి పెట్టలేదు సామీ! నా యాబై ఏండ్ల తోలకంలో అట్లా ఎనక్కి తోలిన మొగోడ్ని నేను సూళ్ళా!”

యాబై ఏళ్ళు కాదు, అంత సర్వీసు లేదు అతనికి. ఎవరూ దిద్దలేదు.

క్వారీ దారి వానలప్పటి నుంచి ఎవరూ వాడలేదు. అడుగడుగునా రాళ్ళు. పిల్లలు దిగి రాళ్ళు తీసేస్తుంటే అమల బండిని ముందుకు తెచ్చింది. ఒక చోట చక్రం దిగబడితే అందరూ కలిసి తోశారు. నేను, ధనంజయ పరీక్ష కేంద్రం గేటు దగ్గర నిలబడి ఉన్నాం. మిగతా ఊళ్ళ పిల్లలంతా లోపలికి పోయారు. గేటు ముందు మేమే. మొదటి గంట కొట్టారు. ధనంజయ చొక్కా చెమటతో తడిసిపోయింది. అప్పుడు మూలమలుపులో ఎర్రదుమ్ము లేచింది ప్రసన్నా. దుమ్ములోంచి మన బండి వచ్చింది.

పిల్లలు దూకి పరిగెత్తారు. తెల్ల చొక్కాలన్నీ ఎర్రమట్టి. గేటు దగ్గరున్న మేడం, “చేతులు కడుక్కుని రండి, టైముంది, భయపడకండి” అని తానే నీళ్ళు పోసింది. ఆఖరి పిల్ల లోపలికి పోయేదాకా అమల స్టీరింగు వదల్లేదు. తర్వాత దిగి, నా భుజం మీద తల పెట్టి, “అత్తా, ఆకలేస్తాంది” అంది. నాలుగు ఇడ్లీలు తిని ఇంకో నాలుగు అడిగింది. ధనంజయ పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

చంద్రకాంతమ్మ

*

శ్రీసిటీ,
25 మార్చి 2025

వదినా,

మొదటిసారి నువ్వు చెప్పినట్టే కూర్చుని చదివాను. రెండోసారి నిలబడి చదివాను. మూడోసారి భోజనాల హాల్లో మైకు తీసుకుని పిల్లలందరికీ చదివి వినిపించాను. బండి దుమ్ములోంచి వచ్చిన చోట హాలంతా లేచి ఈలలు వేసింది. నేను హాస్టల్లో ఈలలు నిషేధించినదాన్ని. ఆ రోజు ఒక్క మాట అనలేదు.

ఏబెల్ ఫోటో ముందు కూర్చుని చాలాసేపు మాట్లాడాను. ఏం మాట్లాడానో నీకు చెప్పను, అది మా ఇద్దరి మధ్య.

ప్రసన్న

*

పలమనేరు,
25 ఏప్రిల్ 2025

ప్రసన్నా,

ఫలితాలు వచ్చాయి. గుట్టకిందపల్లె పిల్లలు అందరూ పాస్! ఒక్కరు కూడా పోలేదు. ప్రమీల పెద్దూరు హైస్కూలుకే ఫస్టు. మునస్వామి ఆ సెల్‌ఫోను పట్టుకుని కనిపించిన ప్రతివాడికీ మార్కులు చూపిస్తున్నాడు. మా ఇంటికొచ్చి అమల ముందు చేతులు కట్టుకుని నిలబడి, “పాపా, ఆ పొద్దు నేను అనిన మాట మనసులో పెట్టుకోవద్దు. ప్రమీలను తిరపతిలో ఇంటరుకు ఏస్తాండా” అన్నాడు. అమల అతన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

నిన్న ఊరేగింపు. మేమెవరం ఏర్పాటు చేయలేదు, ఊరే చేసింది. పలక డప్పులు వాయించుకుంటూ బండికి బంతిపూల దండలు కట్టారు, కూలికి పోయే ఆడవాళ్ళు ఒక రోజు పని మానుకుని హారతులు పట్టారు. గురవమ్మ పలకల ముందు చిందులేసింది. ఆ ఊరి నుంచి పదో తరగతి అందరూ గట్టెక్కడం ఇదే మొదలు. వచ్చే ఏడాదికి చుట్టుపక్క ఊళ్ళ వాళ్ళు కూడా బండి అడుగుతున్నారు. మన పలమనేరు నుంచి పోయి బెంగుళూరులో స్థిరపడినవాళ్ళు కొందరు కలిసి సంఘానికి రెండో వ్యాను ఇస్తున్నారు. దానికి డ్రైవరు ఎవరని ధనంజయ అడిగితే, ఊరేగింపులోనే ముగ్గురు ఆడపిల్లలు చేతులెత్తారు. మునెయ్య, అమల వాళ్ళకు నేర్పిస్తారు. సంఘం ఆ పనికి అమలను జీతమిచ్చి పెట్టుకుంది.

బ్యాంకు పరీక్ష సంగతి నువ్వు అడుగుతావని అమల భయపడుతోంది. నువ్వే ఒక మాట రాయి.

చంద్రకాంతమ్మ

*

శ్రీసిటీ,
4 మే 2025

వదినకు, నా బంగారు తల్లి అమలకు,

బ్యాంకు సంగతి నేను అడగను. ఎవరైనా అడిగితే, మా అమ్మాయి డ్రైవరు అని చెబుతున్నాను. మొన్న చర్చిలో చెప్పాను. ఫ్యాక్టరీ మేనేజరుకు కూడా చెప్పాను. ఆయన అడగకపోయినా చెప్పాను. ఫలితాలు తెలిసిన రోజు హాస్టల్లో అందరికీ సేమ్యా పాయసం చేయించాను. ఈసారి ఎందుకు తాగుతున్నానో బాగా తెలిసి తాగాను.

ఈ ఉత్తరం పోస్టులో రాలేదు, గమనించావా వదినా? దీన్ని తెచ్చిన పిల్ల పేరు మునిలక్ష్మి. సత్యవేడు దగ్గర పల్లె. తల్లీతండ్రీ లేరు. రెండేళ్ళుగా ఇక్కడ రాత్రి షిఫ్టులో ఫోను డబ్బాలు అతికించే పని చేసింది. ఆ రోజు భోజనాల హాల్లో నీ ఉత్తరం చదివినప్పుడు అందరూ ఈలలు వేశారు, ఈ పిల్ల వేయలేదు. అందరూ పోయాక వంటింట్లోకి వచ్చి, “అమ్మా, నన్ను ఆడికి పంపిస్తావా? నేను బస్సు తోలల్ల” అని అడిగింది. నెల రోజులు ఆగి చూడమన్నాను. రోజూ అడిగింది.

నా గదిని ఈ పిల్లకు ఇవ్వు. నేను వచ్చినప్పుడు నీ దగ్గర పడుకుంటాను, పోట్లాడుకుంటూ. ప్రయాణం చేసి వచ్చింది, ముందు అన్నం పెట్టు. రేపు పొద్దున్నే మైదానానికి తీసుకుపోయి అమల చేతికి అప్పజెప్పు.

మీ
ప్రసన్న